తోడు సీసా వెంట నాలుగు ఊళ్ళు

ఈ ప్రయాణం చేసి ఏడాది దాటింది. ఇందులో ఉన్న ఒక మనిషి బతికుండగా రాయకూడదని ఆగాను. ఆయన కిందటి నెలలో కన్నుమూశారు. పేర్లన్నీ మార్చాను గానీ అంకెలు మార్చలేదు. అంకెలు మారిస్తే ఏమవుతుందో చూసి వచ్చినదాన్ని.

కోనసీమ వెళ్ళొచ్చానంటే మా ఆఫీసులో అందరూ కొబ్బరితోటల ఫొటోలు అడిగారు. నా ఫోన్లో ఉన్నవి నాలుగు రక్తపరీక్షల మిషన్లు, ఒక చిన్న గాజుసీసా, గోదావరి రేవులో నా వేలు అడ్డుపడిన ఫొటో ఒకటి. చూసినవాళ్ళు మొహం చిట్లించి ఫోన్ తిరిగిచ్చేశారు.

మాది కర్నూలు. ఉద్యోగం హైదరాబాదులో, ఒక పెద్ద ల్యాబ్‌లో. రోగుల్ని పరీక్షించడం నా పని కాదు. పరీక్షించేవాళ్ళని పరీక్షించడం నా పని. రక్తంలోంచి కణాలు తీసేస్తే పసుపుపచ్చగా మిగిలే నీటిని ప్లాస్మా అంటారు. అందులో కొవ్వు ఎంతుందో ఏ ల్యాబ్ అయినా చెబుతుంది. ఒకే ప్లాస్మాని పది ల్యాబులకి పంచి, పది జవాబులూ పక్కపక్కన పెట్టి, దారి తప్పిందెవరో నేను చెప్పాలి. నన్ను చూసి సంతోషించిన ల్యాబ్ ఇంతవరకూ లేదు.

పిలిచి మరీ రమ్మన్నవాడు ఒక్కడే, రాజోలు యేసురత్నం. పన్నెండేళ్ళ కిందట నేను పాఠాలు చెప్పిన శిక్షణ తరగతిలో వెనక బెంచీలో కూర్చుని ప్రతి ముక్కా రాసుకున్న మనిషి. తర్వాత సొంత ఊళ్ళో చిన్న ల్యాబ్ పెట్టుకున్నాడు. అతను రాసిన ఉత్తరం రెండు పేజీలు. మొదటి పేజీ అంతా నా క్షేమం, మావారి క్షేమం, వానల సంగతి. రెండో పేజీ ఇది:

"నా మిషన్లో కొలెస్టరాల్ మిగతావాళ్ళకన్నా ఎప్పుడూ ఎక్కువొచ్చేదండి. రాజోలు ల్యాబ్ అంటే భయపెట్టే ల్యాబ్ అని పేరు పడిపోయింది. డాక్టర్లు పేషెంట్లని పంపడం మానేసేరు. కిందటేడు నేనూ అందరితో కలిసేలా మిషన్ మార్చేసుకున్నానండి. మా అన్నయ్య ప్రకాశం గారికి మార్చకముందు ఎక్కువుందని చెప్పింది నేనే. ఆయన మాత్ర మొదలెట్టిన నాలుగు రోజులకే, మిషన్ మార్చేక, తగ్గిందని కాయితం ఇచ్చిందీ నేనే. అది చూసుకుని ఆయన మాత్ర ఆపేసేరు. అయిదో నెలలో బడి నించి వస్తా వస్తా సైకిలు మీదే పోయేరండి. నా మిషన్ ముందు చెప్పింది నిజమా, మార్చేక చెప్పింది నిజమా, అదొక్కటీ మీరు తేల్చిపెట్టాలి. ముందుదే తప్పని తేలితే నాకు నిద్ర పడుతుందండి."

తన లెక్క తప్పని తేలాలని దేవుడికి మొక్కుకునే టెక్నీషియన్ని నా ఉద్యోగంలో చూడలేదు. ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివి సెలవు పెట్టాను.

ఒకే ప్లాస్మాని చిన్న చిన్న గొట్టాల్లో పోసి, ఎర్ర మూతలు పెట్టాను. మా ల్యాబ్‌లో ఉన్న అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతిలో మూడు రోజులు కొలిచి, జవాబు కవర్లో పెట్టి అంటించాను. రెండు వందల అరవై రెండు. రెండు వందలు దాటితే డాక్టర్లు ఆలోచిస్తారు, ఇంతుంటే మాత్ర రాస్తారు. మీకు ముందే చెబుతున్నాను, అక్కడ ఎవరికీ చెప్పలేదు.

కొత్తపేట

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాను. ఒళ్ళో ఐసు పెట్టె. పక్క సీటావిడ రావులపాలెం దాకా దాన్నే చూసి, ఇక పట్టలేక అడిగింది.

"పులస చేపాండీ?"

"రక్తమండీ" అన్నాను.

మా వైపు అయితే లేచి వేరే సీటు చూసుకుంటారు. ఈవిడ "అయ్యో, ఎవరికండీ పాపం బాగోలేనిది" అంటూ సంచిలోంచి చక్రకేళి తీసి చేతిలో పెట్టింది. ఎవరికీ కాదని చెబుదామనుకుని, ప్రకాశం గారు గుర్తొచ్చి, "ఒక మేస్టారికండీ" అన్నాను. "తగ్గిపోద్దిలెండి" అంది. అరటిపండు తిన్నాను గానీ సయించలేదు.

కొత్తపేట ల్యాబ్ నడిపే ఆవిడ పేరు సత్యవేణి. నలభై ఏళ్ళుంటాయి, చెయ్యి చురుకు. నేను వెళ్ళేసరికి ఒక పెద్దాయన చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు.

"ఏం తినలేదు కదండీ బాబాయిగారూ?"

"ఆయ్, ఏం తినలేదమ్మా. ఒక్క కాఫీ, రెండు బిస్కెట్లు. అంతే."

"అలాగేనండి" అని సూది గుచ్చింది. నా మొహం చూసి, ఆయన వెళ్ళాక నెమ్మదిగా అంది, "వెనక్కి పంపితే నొచ్చుకుంటారండి. రేపు రమ్మంటే ఇంకో ల్యాబుకి పోతారు."

మా కర్నూల్లో మనిషి ఉగ్గాని బజ్జీ పట్టించి వచ్చి, తిన్నాననే చెబుతాడు. కావాలంటే నీతో పోట్లాడతాడు గానీ నిన్ను సంతోషపెట్టడానికి అబద్ధమాడడు. ఇక్కడ ఎవరి మనసూ నొప్పించకూడదు. ఆ మర్యాద బాగానే ఉంటుంది, గొట్టంలోకి రక్తంతో పాటు కాఫీ కూడా రాకపోతే.

నా ఎర్ర మూత గొట్టాన్ని మిషన్లో పెట్టింది. పది నిమిషాల్లో జవాబొచ్చింది. రెండు వందల అయిదు. అరవై రెండు ఉండాల్సిన చోట అయిదు. నేను మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. ఆవిడ ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడి వచ్చింది. ఆ ఫోన్ నేను గుర్తుపెట్టుకున్నాను.

అమలాపురం బస్సు అంబాజీపేటలో ఆగినప్పుడు దిగి పొట్టిక్కలు తిన్నాను. పనసాకుల బుట్టలో ఉడికిన ఇడ్లీ. రెండు నలభై రూపాయలు, ఆకు వాసన ఉచితం. హోటలాయన అడక్కుండానే మూడోది వేసి "కొత్తవారు కదండీ" అన్నాడు. ఊరంతా ఇంత మంచిగా ఉంటే తప్పు పట్టడానికి వచ్చినదానికి ఎంత ఇబ్బందో అప్పుడే తెలిసింది.

అమలాపురం

సోమయాజులు గారికి డెబ్బై రెండేళ్ళు. వేదం చదువుకున్న ఇంట్లో పుట్టి రక్తం పట్టుకున్నాడని చుట్టాలు చాలా కాలం ఆయనతో భోజనానికి కూర్చోలేదట. ఈ చుట్టుపక్కల ల్యాబ్ పెట్టుకున్న ప్రతివాళ్ళూ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. కింద ల్యాబ్, మేడమీద ఇల్లు.

ఆయన మిషన్లో ఎర్ర మూత గొట్టం జవాబు రెండు వందల నాలుగు.

రెండు ఊళ్ళు, రెండు కంపెనీల మిషన్లు, రెండు రకాల రసాయనాలు. నిజాయితీగా కొలిస్తే పది పన్నెండు అటూ ఇటూ రావాలి. ఇద్దరు పిల్లలు ఒకే తప్పు జవాబు రాస్తే టీచరుకి ఏమనిపిస్తుందో నాకూ అదే అనిపించింది. సత్యవేణి ఫోన్ చేసింది ఈయనకే అని తీర్మానించుకున్నాను.

ఈలోగా భోజనానికి లేవదీశారు. కంద బచ్చలి, పనసపొట్టు కూర, ముక్కల పులుసు. పులుసులో బెల్లం. మేము పులుసులో బెల్లం వేసినవాళ్ళని అల్లుడిగా కూడా ఒప్పుకోము. విసుగంతా దాని మీద పెట్టుకుని, చెయ్యి కడుక్కోకుండానే అడిగేశాను.

"కొత్తపేట నుంచి మీకు ఫోన్ చేసి అంకె చెప్పారా సార్?"

ఆయన మజ్జిగ పోస్తున్న చెయ్యి ఆపారు. కోపం రాలేదు. అదే నాకు ఇంకా ఇబ్బంది.

"సత్యవేణి చేసిందమ్మా. హైదరాబాదు నుంచి ఆవిడొస్తున్నారు, భోజనం వేళకి చేరతారు, కారం ఎక్కువ తినే వైపువారు అని చెప్పింది. అంకె ఎందుకు చెప్పుకుంటాం? మేమందరం ఒక మాట మీద ఉంటాం. ఒకేలా రాకపోతే కదా ఆశ్చర్యపోవాలి."

పళ్ళెం పక్కన చూస్తే నిజంగానే నా ఒక్కదానికి ఊరమిరపకాయలు వేయించి పెట్టారు. సిగ్గుపడ్డాను. కానీ "ఒక మాట మీద ఉంటాం" అన్న మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

అల్లవరం

రాత్రి అమలాపురంలోనే పడుకుని పొద్దున్న లేచేసరికి పెట్టెలో ఐసు నీళ్ళయిపోయింది. గొట్టాలు తేలుతున్నాయి. మరో గంటకి ప్లాస్మా పనికిరాకుండా పోయేది. అల్లవరంలో బస్సు దిగి పరుగెత్తి అడిగితే రొయ్యలు ఎగుమతి చేసే షెడ్డు చూపించారు. అక్కడాయన పారతో ఒక పార ఐసు నా పెట్టెలో వేసి, డబ్బులు తీసుకోలేదు. ఆ తర్వాత ప్రయాణమంతా నేను, నా చీర, నా ప్లాస్మా రొయ్యల వాసనే. బస్సులో పులస అని అడిగేవాళ్ళు కూడా మానేశారు.

ఇక్కడి ల్యాబ్ రాజుగారిది. చెరువుల మీద పనిచేసేవాళ్ళు, వాళ్ళ భార్యలు బల్లల మీద కూర్చుని ఉన్నారు. ఎర్ర మూత గొట్టం జవాబు రెండు వందల అయిదు. మూడో ఊరు, మూడో మిషన్, అదే తప్పు.

ఈసారి ఆగలేదు. "రాజుగారూ, పొద్దున్నే మిషన్‌కి లెక్క దేనితో నేర్పుతారు?" అన్నాను.

మిషన్‌కి దానంతటదే ఏమీ తెలియదు. రోజూ పొద్దున తెలిసిన ప్లాస్మా ఒకటి దానికిచ్చి, "ఇది ఇంత" అని చెప్పాలి. దాన్నిబట్టి మిగతా రోజంతా లెక్కకడుతుంది. ఆ తెలిసిన ప్లాస్మా కంపెనీలు అమ్ముతాయి. ఖరీదు ఎక్కువ.

"తోడుతోనండి" అన్నాడు రాజుగారు, ఇది కూడా తెలీదా అన్నట్టు. ఫ్రిజ్ తెరిచి చిన్న గాజుసీసా తీశాడు. దాని మీద కాగితం అంటించి, చక్కటి గుండ్రటి చేతిరాతతో ఒక అంకె. "గురువుగారు ఏటేటా అందరికీ ఒక్కో సీసా ఇస్తారండి. కంపెనీది కొనక్కర్లేదు. పెరుగు తోడులాగ."

ముందు ఆ సీసాకి ఫొటో తీసుకున్నాను. తర్వాత నెమ్మదిగా అన్నీ అడిగాను. పేషెంట్ల పరీక్షలయ్యాక మిగిలిన ప్లాస్మా అంతా సోమయాజులు గారు ఒక చోట కలుపుతారు. పాత తోడుతో మిషన్‌కి లెక్క నేర్పి, ఈ కొత్తది ఎంతుందో కొలిచి, సీసాల మీద ఆ అంకె రాసి శిష్యులకి పంచుతారు. మళ్ళీ ఏడాది ఆ తోడుతో ఇంకో తోడు. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి.

ఫ్రిజ్‌లో ఏడాదంతా తెరిచి మూసే సీసాలో నీరు కొంచెం కొంచెం ఆవిరైపోతుంది. లోపల కొవ్వు చిక్కబడుతుంది, పైన కాగితం మీద అంకె మాత్రం పాతదే. ఎక్కువున్నదాన్ని తక్కువని మిషన్‌కి నేర్పుతున్నారన్నమాట. ఆ తప్పు నేర్చుకున్న మిషన్‌తో మరుసటేడు తోడు కొలిస్తే తప్పు ఇంకాస్త. పదకొండుసార్లు ఇంకాస్త. అందరూ ఒకే కుండలోంచి తోడు వేసుకుంటే అన్ని ఇళ్ళ పెరుగూ ఒకేలా పులుస్తుంది, ఎవరికీ తేడా తెలియదు. రాజోలులో ఒక్కడు కంపెనీది డబ్బు పెట్టి కొనుక్కున్నాడు. వాడికే భయపెట్టే ల్యాబ్ అని పేరు.

బల్ల మీద కూర్చున్నవాళ్ళని చూశాను. ఒకామె రిపోర్టు అందుకుని, చదివించుకుని, "బాగానే ఉందంటండి" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. వెనక్కి పిలవడానికి నోరు తెరిచి, ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

బయటికొచ్చి సోమయాజులు గారికి ఫోన్ చేశాను. "రేపు పొద్దున మీ తోడు సీసా తీసుకుని రాజోలు రండి సార్" అని, నమస్కారం కూడా చెప్పకుండా పెట్టేశాను.

రాజోలు

యేసురత్నం బస్టాండుకి వచ్చాడు. జుట్టు తెల్లబడింది. ల్యాబ్ ఒక గది, గోడకి బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు, పక్కన అన్నగారి ఫొటో. మేస్టారు సైకిలు పట్టుకుని నిలబడి నవ్వుతున్నారు. సాయంత్రం యేసురత్నం ఇంట్లో చేపల పులుసు పెట్టారు. అందులో బెల్లం లేదు. ఆ మాట అంటే అతని భార్య మొదటిసారి నవ్వింది.

అల్లవరంలో చూసిందంతా చెప్పాను. అతను తల దించుకుని విన్నాడు.

"నీకూ సీసా ఇచ్చారా?"

"ఆయ్. కిందటేడు పిలిపించి ఇచ్చేరండి. నువ్వొక్కడివీ వేరేగా ఉండడమేంటి రత్నం, అందరం ఒక మాట మీదుందాం అన్నారు."

"నీ దగ్గర కంపెనీది ఉంది. నేను పాఠం చెప్పాను. నీది సరైనదని నీకు తెలియదా?"

అతను కంచం పక్కకి జరిపాడు.

"మా నాన్న గురువుగారి వాళ్ళ పొలంలో పాలేరండి. నేను వాళ్ళ వీధిలోకి చెప్పులేసుకుని వెళ్ళని రోజులవి. ఆయన నన్ను లోపలికి పిలిచి, పక్కన స్టూలేసి కూర్చోబెట్టి, తన చేత్తో నా చెయ్యి పట్టుకుని సూది గుచ్చడం నేర్పేరండి. అలాంటాయన సీసా ఇస్తే, ఇది తప్పండి అని ఎలాగంటాను మేడమ్ గారూ?"

నేను అనగలను. మా ఊళ్ళో ఎవరైనా అనగలరు. కానీ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టడానికి ఎవరూ వీధంతటికీ ఎదురు తిరగాల్సిన అవసరం రాలేదు.

చివరికి, ఓదార్పుగా ఉంటుందని, నిజం కూడా అదే కాబట్టి, చెప్పాను. "చూడు, ఒక్క అంకె మనిషిని చంపదు. మీ అన్నకి బీపీ ఉంది. వయసుంది. మాత్ర వేసుకున్నా పోయేవారేమో, ఎవరికి తెలుసు?"

"తెలుసండి. కానీ మాత్ర ఆపింది నా కాయితం చూసే కదండీ."



మర్నాడు తొమ్మిదింటికల్లా సోమయాజులు గారు బస్సు దిగారు. ఒక చేతిలో తోడు సీసా ఉన్న ఫ్లాస్కు, ఇంకో చేతిలో నాకోసం కొబ్బరి లౌజు డబ్బా. యేసురత్నం తన స్టూలు తుడిచి ఆయనకి వేసి, తాను నిలబడ్డాడు.

ముందు గురువుగారి తోడుతో మిషన్‌కి లెక్క నేర్పి, ఎర్ర మూత గొట్టం పెట్టాం. రెండు వందల ఆరు.

తర్వాత యేసురత్నం బీరువాలోంచి కంపెనీ సీసా తీశాడు. కిందటేడు కొని, వాడకుండా దాచినది, గడువు ఇంకా ఉంది. సీసా మీద తేదీ రెండుసార్లు చదివి, మూత తీశాడు. మిషన్‌కి మళ్ళీ మొదటినుంచి నేర్పాడు. అదే గొట్టం పెట్టాడు. ఆ పది నిమిషాలూ ముగ్గురం రోడ్డు మీద ఆటోలు చూస్తూ కూర్చున్నాం. సోమయాజులు గారు ఏవో పాత సంగతులు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు.

రెండు వందల అరవై.

నేను కవరు చింపి కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. తర్వాత ఫ్లాస్కులోంచి తోడు సీసా తీసి, దాని మీద తన చేతిరాతని అలాగే చూస్తూ ఉండిపోయారు.

"మొదటి సీసా కంపెనీ దాంతో సరిచూసే రాసేనమ్మా" అన్నారు. "ఆ తరవాత అన్నీ నా నమ్మకమే."

యేసురత్నం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అతనికి కావలసిన జవాబు వచ్చేసింది. ముందు చెప్పిందే నిజం. అతను ఒప్పు, అన్నీ ఒప్పే. అన్నగారికి మొదట చెప్పిన రెండు వందల డెబ్బై ఒప్పు. అదే అతనికి అక్కర్లేని జవాబు.

గురువుగారు తల ఎత్తి ఫొటో వైపు చూశారు. ఆయనకి అప్పుడు తట్టింది.

"రత్నం, మీ అన్నయ్యది... ఈ సీసా వల్లనేనా?"

యేసురత్నం చటుక్కున ఇటు తిరిగాడు.

"అయ్యో, కాదండి గురువుగారూ! ఒక్క అంకె మనిషిని చంపుద్దేంటండి? అన్నయ్యకి బీపీ ఉందండి, వయసుందండి. మాత్రేసుకున్నా పోయేవారేనండి. మీరు అలాంటివేం పెట్టుకోకండి. ఉండండి, కాఫీ చెప్పొస్తాను."

రాత్రి నేను చెప్పి, అతను ఒప్పుకోని మాటలవి. ఒక్కటీ పోకుండా దాచుకుని, పొద్దున గురువుకిచ్చేశాడు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అంత మర్యాద మీద కోపం కూడా వచ్చింది. ఆ మర్యాదే కదా ప్రకాశం గారిని తీసుకుపోయింది.

సఖినేటిపల్లి రేవు

నర్సాపురంలో రైలు నాది. రేవు దాకా ఇద్దరూ వచ్చారు, వద్దన్నా వినలేదు. జనాన్ని గోదావరి దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, రెండు మేకలు, ఒక పెళ్ళివారి బృందం ఎదురుచూస్తున్నాయి. టిక్కెట్టు టీ ఖరీదుకన్నా కొంచెమే ఎక్కువ. గోదావరి వరద తీసి బురదరంగులో ఉంది.

యేసురత్నం జేబులోంచి దూదిలో చుట్టిన గొట్టం తీశాడు. అడుగున ఇంకా మంచు పట్టి ఉంది.

"అన్నయ్యదండి. తగ్గిందని కాయితమిచ్చిన రోజుది. మిగిలింది ఫ్రీజర్లో పెట్టేనండి, ఎందుకో పారెయ్యలేదు. మీ దగ్గర కొలవండి. ఆ రోజు నిజంగా ఎంతుందో."

"ఎందుకు రత్నం? ఇంక తెలిసిపోయింది కదా."

"లెక్క ప్రకారం తెలిసిందండి. రిజిస్టర్లో రాయాలంటే కొలిచిన అంకె కావాలి కదండీ. మీరే చెప్పేరు పాఠంలో."

సోమయాజులు గారు చెయ్యి చాపి ఆ గొట్టం అందుకున్నారు. మీద రాసిన పేరు చదివారు. రొయ్యల వాసన కొట్టే నా పెట్టెలో ఐసు పక్కకి తోసి, తన చేత్తోనే దాన్ని మధ్యలో పెట్టి మూత వేశారు.

"నాకూ చెప్పమ్మా, ఎంతొచ్చిందో" అన్నారు.

పంటు కదిలింది. ఇద్దరూ ఒడ్డున నిలబడి ఉన్నారు. యేసురత్నం గొడుగు గురువుగారి మీద పట్టి తను ఎండలో ఉన్నాడు. నేను తీసిన ఫొటోలో నా వేలు అడ్డుపడింది వాళ్ళిద్దరి మీదే.

హైదరాబాదు

తర్వాతి సంగతులు ఫోన్లో విన్నవి. సోమయాజులు గారు మర్నాడే బస్సుల్లో తిరిగి శిష్యుల దగ్గరున్న సీసాలన్నీ వెనక్కి తీసుకున్నారు. అందరికీ కంపెనీ సీసాలు తన ఖర్చుతో కొనిచ్చారు. ఆ తర్వాత పాత రిజిస్టర్లు ముందేసుకుని, పేర్ల పక్కనున్న నంబర్లకి తానే ఫోన్ చేయడం మొదలుపెట్టారు. "నేను తప్పు చెప్పేనమ్మా, మళ్ళీ ఒకసారి వచ్చి చూపించుకోండి, డబ్బులొద్దు." కొన్ని ఇళ్ళలో ఫోన్ తీసినవాళ్ళు, ఆయన లేరండీ ఇప్పుడు, అన్నారట. అలాంటి ప్రతి ఫోన్ తర్వాత ఆ రోజుకి ఇంక చేసేవారు కాదని సత్యవేణి చెప్పింది.

ప్రకాశం గారి గొట్టాన్ని నేనే కొలిచాను, మూడుసార్లు. యేసురత్నం ఫోన్ చెయ్యవద్దు, రాసి పంపండి చాలు అన్నాడు. పంపాను. రెండు వందల అరవై ఎనిమిది.

చాలాసేపటికి "ఆయ్" అని వచ్చింది. దాని కింద ఇంకో వాక్యం.

"గురువుగారు అడిగితే గొట్టం దార్లో పగిలిపోయిందని చెప్పండి మేడమ్ గారూ."

ఆ సాయంత్రమే సోమయాజులు గారు ఫోన్ చేశారు. ముందు నా ఆరోగ్యం అడిగారు. లౌజు బాగుందా అని అడిగారు. అప్పుడు అడిగారు.

నేను కర్నూలు దాన్ని. ఎదుటివాళ్ళ తప్పు మొహం మీదే చెప్పి జీతం తీసుకున్నదాన్ని.

"దారిలో పగిలిపోయిందండీ" అన్నాను.

"ఆయ్" అన్నారాయన నెమ్మదిగా. నమ్మారో, నా మనసు నొప్పించకూడదని నమ్మినట్టు మాట్లాడారో తెలియదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో తెలిసి నేనిచ్చిన తప్పుడు రిపోర్టు అదొక్కటే.